ఛార్జింగ్ పెట్టిన రాత్రులు

పరీక్షకని బ్యాటరీకి తగిలించిన స్కూటర్ బల్బు ఒక్క క్షణం తెల్లగా వెలిగి, ఎర్రబడి, ఆరిపోయింది.

"సచ్చింది! మళ్లీ సచ్చింది!" విల్‌ఫ్రెడ్ బ్యాటరీ ప్యాక్‌ను బల్లమీద పడేశాడు. అతని బొమ్మ విమానం మోటారు తిరగాలంటే ఆ ప్యాకే దిక్కు. నిండుగా ఛార్జయితే దానిమీద బల్బు పావుగంటైనా వెలగాలి.

నైట్ డ్యూటీకి వెళ్తూ ఛార్జింగ్ పెట్టాడు. పొద్దున వచ్చేసరికి ఛార్జర్ ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. మరి ఎక్కిన కరెంటంతా ఏమైనట్టు?

"రేత్రి కరెంటు పోయిందేటి?" భార్యను అడిగాడు.

"నేదండీ." ఎలీసమ్మ టీ గ్లాసు పెట్టింది. నిద్రలేక ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఏటి, మళ్లీ ఎక్కనేదా?"

"ఎక్కితే ఇలాగుంటానా? ఆదివారం ఇమానం ఎగరకపోతే, రైల్వే వీక్ ప్రదర్శనలో నా బదులు ఇంకొకర్ని పెట్టెస్తానని క్లబ్బు సెక్రటరీ తిమోతి మొహమ్మీదే సెప్పీసినాడు."

"ఎందుకెగరదు? దేవుడున్నాడు."

"దేవుడికి బేటరీలతో ఏటి పని?" అని కసిరాడు.

ఆ వారమంతా అదే తంతు. సెల్లులు ఒక్కొక్కటీ మీటరుతో చూశాడు. టంకాలు ఊడదీసి మళ్లీ వేశాడు. ఛార్జర్ కూడా మార్చాడు. అయినా పొద్దున్నే బల్బు గుడ్డిగా మినుక్కుమనేది, అతనికి ఒళ్లు మండేది. ప్యాక్ అంటగట్టిన కలకత్తా దాదాని తిట్టని తిట్టు లేదు.

ఆదివారం విమానం గోడెత్తు కూడా లేవకుండానే మైదానంలో బోర్లాపడింది. తిమోతి తల అడ్డంగా ఊపి, ఇంకొకరిని పిలిచాడు.

ఇంటికొచ్చి ప్యాక్‌ను చెత్తబుట్టలోకి విసిరాడు విల్‌ఫ్రెడ్. ఏడుపొక్కటే తక్కువ. ఎలీసమ్మ అయితే ఏడ్చేసింది.

"వారం దినాలు దీనికోసం నిద్ర మానుకున్నానండీ. మీరు డ్యూటీకెళ్లిన కాడ్నుంచి తెల్లారేదాకా బైబిలు సదువుకుంటా, 'ప్రభువా, ఈ బేటరీ ఎక్కాల' అని ప్రార్థన సేసినాను."

విల్‌ఫ్రెడ్ గొంతు మెత్తబడింది. "చీకట్లోనా?"

"ట్యూబులైటు ఏస్తే అత్తమ్మకి మెలకువొచ్చెస్తాదని టేబులు లైటు పెట్టుకున్నాను. తెల్లారగానే తీసీసి, ఎక్కడివక్కడ సర్దీసినాను."

అతను గోడకేసి చూశాడు. "ఏ ప్లగ్గులో?"

"మీ ఛార్జరు తీసి, అందులోనే గదండీ."