ఎర్ర టోపీ బొమ్మ

"ఎర్ర టోపీ బొమ్మా? ఇప్పుడా?" అన్నాడు దుకాణదారు, తను విన్నది నిజమేనా అన్నట్టు కళ్లజోడు సవరించుకుంటూ.

"ఇప్పుడే కావాలి. రేపు నిద్ర లేచేసరికి పిల్ల పక్కన ఉండాలి," అన్నాడు మేనేజరు.

"మీరు రావలసినప్పుడు రాలేదు సార్. అవి ఎప్పుడో అయిపోయాయి."

అది ఎన్నో బొమ్మల కొట్టో అతనికే గుర్తు లేదు. చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయింది. మేనేజరంటే ఏ బ్యాంకు మేనేజరో అనుకునేరు. సినిమా కంపెనీ ప్రొడక్షన్ మేనేజరు. యూనిట్లో అందరికీ టిఫిన్లు అందాయా, జనరేటర్లో డీజిలుందా, హీరోగారి కుర్చీ నీడలో పడిందా, అన్నీ అతని నెత్తినే. తీస్తున్నది కామెడీ. క్రిస్మస్ ముందురోజు దాకా కూతురికి కానుక కొనడం మరిచిపోయిన తండ్రి ఊరంతా పడి పరుగులు పెడతాడు, అదీ కథ. ఇప్పుడా పరుగులు మేనేజరు పెడుతున్నాడు. కెమెరా ఒక్కటే తక్కువ.

తప్పు అతనిదే. సినిమాలో ఆ కూతురి వేషం వేస్తున్న ఆరేళ్ల చిట్టి పొద్దున మేకప్ వేయించుకుంటూ, "ఇవాళేంటి బాబాయ్?" అని అడిగింది. వంద పనుల్లో తలమునకలై ఉన్న మనిషి కాస్తా "క్రిస్మస్ ముందురోజు" అనేశాడు. చిట్టి కళ్లు ఇంతింతయ్యాయి. అయితే క్రిస్మస్ తాత తన గదికి వస్తాడా, ఎర్ర టోపీ పెట్టుకుని కళ్లార్పే బొమ్మ తెస్తాడా అని వెంటపడింది. సెట్లో చెట్టు కింద అన్ని కానుకలున్నాయి కదమ్మా అంటే, అవి ఉత్త డబ్బాలట, ఊపి చూసిందట. చివరికి మేనేజరు తాత వస్తాడనే మాటిచ్చాడు.

ఈ సంగతి తెలిసి డైరెక్టరు తల పట్టుకున్నాడు. రేపటి సీనంతా ఆ పిల్ల మొహం మీదే నడవాలని, తాత రాలేదని అది మూతి ముడిస్తే తామంతా మూటాముల్లె సర్దుకోవడమేనని, పోనీ తాతే లేడని చెప్పేస్తే మొహంలో ఆ వెలుగు మళ్లీ రాదని వాయించేశాడు. మేనేజరుకి ఇలాంటివి రోజూ ఉండేవే. చిట్టి తల్లి నెమ్మదిగా అన్న మాట మాత్రం గుచ్చుకుంది.

"పోయిన క్రిస్మస్‌కీ షూటింగే అన్నయ్యగారూ. పడుకోమంటే పడుకోకుండా కిటికీ దగ్గరే కూర్చుంది. మళ్లీ దాన్ని అలా చూడలేను."

అందుకే, బొమ్మ ఇచ్చేదాకా గడప దిగనని ఆ కొట్లో స్టూలు మీద బైఠాయించాడు. కథంతా విన్న దుకాణదారు మనసు కరిగింది. కొట్లో వేరే జనం లేకపోవడమూ కలిసొచ్చింది. ఆయన నిచ్చెనేసుకుని అటక ఎక్కి, డబ్బాలన్నీ తిరగేసి, దుమ్ము కొట్టుకుపోయిన బొమ్మనొకదాన్ని పట్టుకొచ్చాడు. ఒక కన్నే ఆర్పుతోంది. మేనేజరుకి అదే మహాప్రసాదం.

బేకరీలో క్రిస్మస్ కేకు అనగానే లోపల పిండి కలుపుతున్నవాళ్లు కూడా బయటికొచ్చి అతన్ని చూశారు. ఇలాంటివి ముందుగా చెప్పాలి కదా సార్ అన్నాడు యజమాని, నవ్వాపుకుంటూ. చేసేది లేక మామూలు కేకు మీదే మంచులా పంచదార పొడి చల్లించుకున్నాడు. నక్షత్రాల కాగితం ఎక్కడా దొరక్క పుట్టినరోజు కాగితాన్నే తిరగేసి బొమ్మకి చుట్టాడు. నాటకాల దుస్తులు అద్దెకిచ్చే పెద్దాయన దగ్గర మాత్రం తాత వేషం అడిగీ అడగ్గానే దొరికింది. అన్ని సైజులూ ఉన్నాయి, ఏది కావాలో తీసుకోమన్నాడు. ఇంత ఆఖరి నిమిషంలో ఇదేం అదృష్టంరా అని మేనేజరు మురిసిపోయాడు.

తెల్లవారుతుండగా చిట్టి తల్లి చప్పుడు కాకుండా తలుపు తీసింది. దూది గడ్డం ముక్కులో దూరుతుంటే తుమ్మాపుకుంటూ, ఎర్ర కోటులో ఉడికిపోతూ మేనేజరు లోపలికి అడుగుపెట్టాడు. కేకుని బల్ల మీద, బొమ్మని దిండు పక్కన పెట్టాడు. పిల్ల ఇటు తిరిగింది. ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అదృష్టం కొద్దీ చిట్టి కళ్లు గట్టిగా మూసుకునే ఉంది. బయటపడి, గడ్డం పీకేసి, వరండాలో ఫ్యాను కింద చతికిలబడ్డాడు.

కాసేపటికి గెస్ట్‌హౌస్ అంతా చిట్టి కేకలే. లైట్‌బాయ్‌లకి చూపించింది, హీరోగారికి చూపించింది, వంటవాళ్ల దగ్గరికి వెళ్లి మరీ బొమ్మ చేత కన్ను కొట్టించింది. ఆ నవ్వు చెరిగిపోకముందే కెమెరా పెట్టమని డైరెక్టరు అరుస్తున్నాడు. తల్లి పక్కకి తిరిగి కళ్లు తుడుచుకుంది. అది చూసి మేనేజరు గుండె తేలికపడింది. కంపెనీ బతికిందన్నదానికంటే, ఆ పిల్ల నమ్మకం చెదరలేదన్నదే అతనికి ఎక్కువ సంతోషంగా ఉంది.

"ఎవరిచ్చారమ్మా ఇంత మంచి బొమ్మ?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

"తాత," అంది చిట్టి, అందరికీ వినబడేట్టు. తర్వాత అతన్ని కిందికి వంగమని సైగ చేసి, మెడ చుట్టూ చేతులు వేసి, చెవిలో గుసగుసగా అడిగింది.

"బాబాయ్, ఇది మే నెల కదా, అసలు క్రిస్మస్‌కి కూడా నువ్వే వస్తావా?"