ఎడమ చెవి పైన మచ్చ

మచ్చ చెరిగిపోకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో ఏ డాక్టరూ చెప్పడు. అందుకని బుల్లబ్బాయి, అది పోవడానికి చెప్పినవన్నీ తిరగేసి చేశాడు.

గోకొద్దంటే గోకాడు. ఎండ తగలకూడదంటే నెత్తిన గుడ్డ లేకుండా ఊరంతా తిరిగాడు. రాయమన్న జెల్ ట్యూబుకి మూతైనా తియ్యలేదు. బైకు జారి ఎడమ చెవి పైన పడ్డ గాయం, ఏడాది తిరిగేసరికి వెంట్రుక మొలవని బెత్తెడు మచ్చయి కూర్చుంది. అద్దంలో చూసుకుని మురిసిపోయాడు.

జంగారెడ్డిగూడెం దగ్గర పామాయిల్ తోటల ఆసామి రాజరత్నం గారి ఒక్కగానొక్క కొడుకు శ్యాంబాబు, చిన్నప్పుడు రాజమండ్రి స్టేషన్లో తప్పిపోయాడు. అంతకుముందే వాడు డాబా మీంచి పడితే ఎడమ చెవి పైన ఆపరేషన్ అయిందని ఆ ఊరివాళ్ళే మాటల్లో చెప్పారు. వయసు కూడా సరిపోయింది. ఇక తోటలు తనవే అనుకున్నాడు బుల్లబ్బాయి.

ఓ ఆదివారం ఆ ఇంటికి వెళ్ళి, రాజరత్నం గారి కాళ్ళ దగ్గర కూర్చుని తల వంచి చూపించాడు. పెద్దాయన వాడి తల నిమిరారు. కళ్ళు తుడుచుకుంటూ, వంటింట్లో ఉన్న అక్కగారిని పిలిచారు. తబితమ్మ గారు ఏదో సర్కారు ఉద్యోగం చేసి రిటైరై, తమ్ముడి దగ్గరే ఉంటున్నారు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, జుట్టు పాయ తీసి, మచ్చని వేలితో నొక్కి నొక్కి చూశారు. దురద పెట్టేదా అని అడిగారు. చిన్నప్పట్నుంచీ పెడుతూనే ఉందన్నాడు. ఆవిడ ఇంకా దగ్గరికి వంగి, మళ్ళీ నొక్కారు. మేనత్త కదా, ప్రేమ పొంగుకొస్తోంది అనుకున్నాడు.

"నన్ను గుర్తుపట్టారా అత్తా?" అన్నాడు లేని ఏడుపు గొంతులోకి తెచ్చుకుని.

"మచ్చనే గుర్తుపట్టలేకపోతున్నాను బాబూ."

"ఆపరేషన్ మచ్చ కదండీ. ఎక్కడికి పోతుంది?"

తబితమ్మ గారు కళ్ళజోడు తీసేసి తమ్ముడి వంక తిరిగారు. కోపంతో మొహం ఎర్రబడింది.

"పోలీసులకి ఫోన్ చెయ్యరా రత్నం. మన శ్యాంబాబుకి ఆ ఆపరేషన్ చేసింది నేను. నా సర్వీసు మొత్తంలో ఇంత దరిద్రంగా ఒక్క కుట్టూ వెయ్యలేదు!"