ఇద్దరికే తెలిసిన లాక్

"ఈ ఫోనులో దొంగ యాప్ ఏమన్నా దాచిపెట్టినారేమో చూడప్పా" అంది క్లారా, గొంతు బాగా తగ్గించి.

కోలారు బంగారు గనుల పక్కనున్న రాబర్ట్‌సన్‌పేటలో సందుకొక మొబైల్ షాపు ఉంది. అయినా ఆమె ఛాంపియన్ స్టేషన్‌లో రైలెక్కి బంగారపేట దాకా వచ్చింది. తెలిసిన ముఖం ఒక్కటీ ఎదురుపడకూడదని ఆమె బాధ.

షాపు గిరీశ్‌ది. సొంతూరు బూదికోట. పని తెలిసినవాడు, కాస్త నోరున్నవాడు కూడా.

"లాక్ తియ్యక్కా."

క్లారా ప్యాటర్న్ గీసింది. మొదటిసారి తప్పింది. రెండోసారికి తెరుచుకుంది.

"ఇది ఎంతమందికి తెలుసు?"

"ఇంట్లో ఇద్దరికే."

"అట్లయితే దొంగని యాడనో వెతికే పని లేదు" అని నవ్వాడు గిరీశ్. ఆమె నవ్వకపోయేసరికి తనూ మానేసి సెట్టింగ్స్‌లోకి వెళ్ళాడు. యాప్‌లన్నీ వరసగా బయటికి లాగి, ఒక్కొక్కటే కిందికి జరుపుతూ ఒకచోట ఆగాడు.

"ఇదిగో. పేరు చూడు, సిస్టం సర్వీసంట! ఫోను తెరిస్తే దీని బొమ్మ యాడా కనబడదు. యాడికి పోయేది, ఎవరికి ఏం రాసేది, అంతా ఇంగో ఫోనుకి పంపిస్తా ఉండాది. సులువుగా తీసేసేదానికి కాకుండా అడ్మిన్ హక్కు ఇచ్చి పెట్టినారు. ఫిబ్రవరి తొమ్మిదో తేదీ వేసినారు. ఆదివారం."

ఆ ఆదివారం క్లారాకు బాగా గుర్తుంది. చర్చికి టైమైపోతోంది. ఫోన్ అలమరా మీద ఛార్జింగ్‌లో ఉంది. ఒకరు స్నానానికి వెళ్ళారు. రెండోవాళ్ళకు ఆ పది నిమిషాలే చాలాయి.

ఇంత దూరం వచ్చింది ఒకే ఒక్క సంగతి తెలుసుకోవడానికి. చివరికి ఎట్లాగో అడిగింది.

"ఇది లోపల ఉండాదని ఫోను వాడేవాళ్ళకి తెలిసిపోతాదా అప్పా?"

"తెలిస్తే ఊరకుంటారా అక్కా? తెలీకుండా ఉండేదానికే కదా దీన్ని చేసినారు!"

క్లారాకు కాస్త ఊపిరాడింది. స్టూలు జరుపుకుని కూర్చుంది.

"మీ ఇంటాయన పనేనా?" అన్నాడు గిరీశ్. ఇట్లాంటి కేసులు నెలకు రెండైనా వస్తాయి అతని దగ్గరికి. "చెప్పు, భయపడొద్దు. కంప్లయింటు ఇయ్యొచ్చు. ఇది చానా పెద్ద తప్పు."

"పెట్టినోళ్ళు చెడ్డోళ్ళు కాదప్పా" అంది క్లారా గబగబా. "పొద్దున్నే బెంగళూరు రైలెక్కితే ఇల్లు చేరేసరికి రాత్రవుతాది. ఇంట్లో ఉండేవాళ్ళకి భయం ఉండదా? మా నాయన గనిలో దిగేటప్పుడు తన ఇత్తడి టోకెన్ పైన బోర్డుకి తగిలించి పోయేవాడు. బోర్డు చూస్తే చాలు, కింద ఎవరుండారో, పైకి ఎవరొచ్చినారో తెలిసిపోయేది. ఇదీ అట్లాంటిదే అనుకుని పెట్టింటారు."

"ఆ టోకెన్ తగిలించేది ఎవరు?"

"దిగేవాళ్ళే."

"మరి ఇది?"

క్లారా చంకలోని సంచిని దగ్గరికి లాక్కుంది.

గిరీశ్‌కు జాలేసింది. కొట్టినవాడిని కూడా వెనకేసుకొచ్చే ఆడవాళ్ళను చాలామందినే చూశాడతను. ఇంకేమీ అనకుండా ఫోన్ మీదికి వంగాడు. కాసేపటికి కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇదేందక్కా? వైరస్సులు పట్టే యాప్ ఒకటి ముందే ఉండాదే! పోయిన నెల పదకొండో తేదీ వేసినారు. అదే దినం సాయంత్రం నాలుగున్నరకి ఈ దొంగని పట్టి చూపించినాది. ఎవరి ఫోనుకి పోతా ఉండాదో ఆ నంబరు కూడా చూపించినాది. తీసెయ్యాలా, ఉండనీయాలా అని అడిగినాది."

క్లారా లేచి నిలబడింది. "ఏం నొక్కిండాది?"

"ఉండనీ అని."

క్లారా మళ్ళీ స్టూలు మీద కూలబడింది. ఇన్ని రోజులుగా ఏది కాకూడదని దేవుణ్ణి వేడుకుందో, అదే అయింది. అరవలేదు, తిట్టలేదు, తెలిసినట్టు చూపుల్లోనైనా చూపించలేదు. నంబరు చూసి, ఉండనీ అని ఊరుకోవడం. అంతకంటే నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేది అనిపించింది ఆమెకు.

"తెలిసి కూడా ఎందుకు ఊరకుండినావక్కా?"

ఈ ప్రశ్నకు తప్పు జవాబు చెబితే మహాపాపం అన్నట్టు ఆలోచించింది క్లారా.

"ఇంట్లోవాళ్ళు కదప్పా. అడిగి, వాళ్ళు ఔనంటే... ఇంగ ఒకరి మొగం ఒకరు ఎట్లా చూసుకునేది?"

ఆ మాట అంటూనే బోరున ఏడ్చింది. షాపు ముందు నిలబడ్డ ఇద్దరు గిరాకీలు వెనక్కి తిరిగి చూశారు. గిరీశ్ నీళ్ళ సీసా ముందుకు జరిపి, తల పక్కకు తిప్పుకున్నాడు.

"తీసేయనా అక్కా?"

"తీసేయప్పా. ఇంగ దాంతో ఏం పని?"

గిరీశ్ అడ్మిన్ హక్కు రద్దు చేశాడు. యాప్ పేరు మీద వేలు పెట్టి తీసేశాడు.

మరుక్షణం క్లారా చంకలోని సంచిలో ఆమె సొంత ఫోన్ టింగుమని మోగి, పోయిన నెల పన్నెండో తేదీ ఈ ఫోన్‌ను తలగడ మీద వదిలేసి ఇల్లు విడిచిపోయిన కూతురి పేరుతో ఆ దొంగ యాప్ పంపిన కబురు చూపించింది: "జూలియా ఇక మీకు కనిపించదు."