మూర్తిగారి చేతులు

"మిషన్‌కు ఎవరైనా పేరు రాస్తారా పిల్లప్పా? నువ్వూ అంతే కదప్పా!" అని పగలబడి నవ్వాడు మూర్తి.

పిల్లప్ప చేతిలో ఉన్న ఉలిని కింద పెట్టాడు. రాబర్ట్‌సన్‌పేటలోని ఆ షెడ్డు మూర్తిది. అందులో ఇరవై ఆరేళ్ళుగా చెక్కను గిరగిరా తిప్పే లేత్ మీద కొయ్య గిన్నెలు చేస్తున్నది మాత్రం పిల్లప్ప. ఇప్పుడు కొత్త మిషన్లు కొనడానికి చందాలివ్వండని లోకాన్నంతా అడుగుతూ మూర్తి ఇంటర్నెట్‌లో ఒక క్రౌడ్‌ఫండింగ్ పేజీ పెట్టాడు. "ప్రతి గిన్నె నా చేతులతో చేసినదే" అని రాసి, కింద తన ఫొటో వేసుకున్నాడు. ఏదో ఒక మూల తన పేరు కూడా వేయమని అడిగాడు పిల్లప్ప. అడిగింది అంతే.

"అది వదిలెయ్. నెలైనా నలుగురు కూడా చందా ఇయ్యలేదు, బేజారుగా ఉండాది. నీ కూతురు బెంగళూరులో ఇట్లాంటి పేజీలే కదా చేసేది? దీన్ని రవ్వంత బాగుచెయ్యమను. మనింటి పిల్ల, సుమ్మనే చేసిస్తాది."

తండ్రిని మిషన్ అన్న నోటితోనే కూతురి చేత ఊరికే పని చేయించుకోవాలని చూస్తున్నాడు. సిగ్గనేది ఏ కోశానా లేదు మనిషికి.

"చెప్తాను స్వామీ," అన్నాడు పిల్లప్ప. కింద పెట్టిన ఉలిని మళ్ళీ అందుకున్నాడు.

సాయంత్రం రైలు దిగి ఇంటికొచ్చిన నేత్రావతి, సంగతి విని చేతిలోని బ్యాగు విసిరికొట్టింది.

"నేను చెయ్యను నాయనా. ఆ పేజీ అట్లే మునిగిపోనీ!"

"మునిగితే ఏమొస్తాది? ఇంగొక అబద్ధం చెప్తాడు. నువ్వు బాగుచెయ్యి మా. ఎట్ల చెయ్యల్లంటే, ఆయప్ప చేతులు చూసేదానికి జనం బండ్లు కట్టుకోని రావల్ల."

నేత్రావతి తండ్రి ముఖంలోకి చూసి మెల్లగా నవ్వింది.

ఆ వారం ఆమె పేజీని కడిగి ముగ్గు పెట్టింది. మూర్తి తాతముత్తాతల కథ తీసేసింది. గిన్నెలను పొద్దుటి ఎండలో పెట్టి ఫొటోలు తీసింది. టేకు చెక్క మీద ఉలి ఆనగానే పొట్టు చుట్టలు చుట్టుకుంటూ లేవడం వీడియో తీసి పెట్టింది. అందులో కనిపించే చేతులు పిల్లప్పవే, కానీ మణికట్టు పైకి ఏమీ కనబడదు. అన్నిటికన్నా అడుగున ఒక కానుక ప్రకటించింది: "పెద్ద చందా ఇచ్చిన మొదటి పన్నెండు మంది మా షెడ్డుకు రావచ్చు. మూర్తిగారు మీ కళ్ళ ముందే గిన్నె చేసి మీ చేతికిస్తారు."

మూర్తి పేజీ తెరిచి చూశాడు. పైన తన ఫొటో మునుపటికన్నా పెద్దదిగా ఉంది. మురిసిపోయి, కిందిదాకా పోకుండానే సరేనన్నాడు.

పది రోజుల్లో అడిగిన చందా అంతా నిండింది. పన్నెండు మందీ ఆదివారం వస్తున్నామని రాశారు. అప్పుడు చదివాడు మూర్తి.

"ఇదేందమ్మా, ఇట్ల రాసి పెట్టినావు?"

"దానికే కదా సార్ చందాలొచ్చింది! అంతా మీ చేతుల మహిమే."

ఆదివారం పొద్దున ఆరింటికి పిల్లప్ప ఫోన్ మోగింది.

"పిల్లప్పా, రాత్రి స్కూటర్ మీద నుంచి పడినాను. చెయ్యి బెణికింది. ఎముకల వైద్యం చేసే కామసముద్రం ఆంజనప్ప కట్టు కట్టినాడు, నెల దాకా కదిలించగూడదంట. నువ్వు మిషన్ కాడ నిలబడు, నేను మాట్లాడతాను. నువ్వు నోరు తెరిచినావంటే రేపట్నించి పనికి రావద్దు."

"సరే స్వామీ."

పక్కనే విన్న నేత్రావతి కూలబడింది. "దొంగ! తప్పించుకున్నాడు చూడు నాయనా. మళ్ళీ నువ్వు మిషనే అయితివి. నేనే నిలబడి అందరికీ చెప్పేస్తాను."

"మనం చెప్తే కుళ్ళుకుంటా ఉన్నారంటారు మా." పిల్లప్ప గోడ గడియారం వైపు చూశాడు. "వాళ్ళొచ్చేది పదకొండుకు కదా? ఇంగా ఐదు గంటల టైముండాది."

పదకొండింటికి షెడ్డులో కుర్చీలన్నీ నిండాయి. మూర్తి పట్టు చొక్కా వేసుకుని, కుడిచేతికి మోచేతి దాకా కట్టుతో వచ్చాడు. బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళు అయ్యో అన్నారు. కళాకారుడి చేతికే ఇలా కావాలా అని ఒకావిడ కళ్ళు ఒత్తుకుంది. మూర్తి కూడా రెండో చేత్తో తన కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏం చేసేది, నా రాత. ఈ పొద్దుకు మా పనోడు చేస్తాడు. భయపడొద్దండి, పని నేర్పించింది నేనే."

పిల్లప్పకు ఉలి తీసి ఆయన నెత్తిన ఒకటి పెట్టాలనిపించింది. కానీ గొంతు తగ్గించి, "స్వామీ, కట్టు కట్టింది ఎవరో కూడా చెప్పండి. వీళ్ళకూ ఎప్పుడైనా పనికొస్తాది," అన్నాడు.

"కామసముద్రం ఆంజనప్ప!" అన్నాడు మూర్తి హుషారుగా. "రాత్రి గంటసేపు నా చెయ్యి ఒళ్ళో పెట్టుకోని కట్టినాడు. నా చేతులంటే ఆయనకు ప్రాణం."

వెనక వరుసలో నేత్రావతి వెంట వచ్చి కూర్చున్న ముసలాయన లేచి, పంచె సర్దుకుంటూ ముందుకు వచ్చాడు.

"ఆంజనప్పను నేనే స్వామీ, నిన్ను చూసేది ఇదే మొదలు. చెయ్యి ఇట్ల చాపు, కట్టు విప్పుతాను. పిల్లప్పా, ఆ ఉలి తెచ్చి అయ్య చేతిలో పెట్టు!"