నూట యాభై డాలర్ల రైఫిలు

మా పెన్సిల్వేనియా కొండల్లో పాత తుపాకీకి ధర కట్టాలంటే నన్నే పిలుస్తారు. అలా పిలుస్తారని ప్రచారం చేసిందీ నేనే.

ఓ రోజు మా ఊరి ముసలావిడ వెర్నా గారు పిలిచి, పోయిన భర్త ఉడతల వేటకు వాడిన, చిన్న తూటాల పాయింట్ టూటూ రైఫిలును వంటింటి బల్ల మీద పెట్టారు.

అటూ ఇటూ తిప్పి చూశాను. ఎనభై ఏళ్ల నాటిది. మకిలి కింద ఫ్యాక్టరీ పూత చెక్కుచెదరలేదు. పాత తుపాకులు సేకరించేవాళ్లు తొమ్మిది వందల డాలర్లకు కళ్లకద్దుకుని కొంటారు.

మొహం చిట్లించాను. "కర్ర నల్లబడింది, గొట్టం మాసిపోయింది. మీరు కాబట్టి నూట యాభై ఇస్తాను."

"రేపు రావయ్యా డ్వైట్, ఆలోచిస్తాను."

మర్నాడు వెళ్లేసరికి ఆపిల్ కేకు నా ముందు పెట్టి, రైఫిలు తెచ్చారు. పెళ్లికూతురిలా మెరిసిపోతోంది. కర్రను సాండ్ పేపరుతో రుద్ది వార్నిష్ వేశారు. గొట్టాన్ని స్టీలు పీచుతో తోమేశారు.

"నువ్వు చెప్పిన లోపాలన్నీ పోగొట్టాను. ఇప్పుడు చెప్పవయ్యా, ఎంతిస్తావు?"

పాత తుపాకీకి ఆ పాత పూతే ప్రాణం. అది కాస్తా సింకులో కొట్టుకుపోయింది.

"నూట యాభై," అన్నాను నీరసంగా.

ఇన్నేళ్లలో నేను కట్టిన న్యాయమైన ధర అదొక్కటే.

"దొంగ సచ్చినోడా!" అంటూ ఆవిడ కేకు పళ్లెం లాగేసుకున్నారు.