పెంటకుప్ప దొరకని ఊరు

తెల్లారగానే పెంటమ్మ నెలల మనవరాలిని చేటలో పెట్టుకుని భీమిలి రేవుకి బయల్దేరింది. కోడలు నూకరత్నానికి అంతకుముందు పుట్టిన ఇద్దరు బిడ్డలూ పురిట్లోనే పోయారు. అలాంటి ఇంట్లో బిడ్డ నిలవాలంటే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, తల్లి చేత తీయించాలి. ఎందుకూ పనికిరానిదనుకుని చావు వదిలేస్తుంది. పెంటమ్మను వాళ్ళమ్మ ఈ రేవులోనే చేపల తలకాయల కుప్ప మీద పడుకోబెట్టి, ఆ పేరు పెట్టింది.

ఇప్పుడా కుప్ప లేదు. తల, ముల్లు, పొలుసు, పేగు అన్నీ కోతమిషను కిందనుంచే ఫ్యాక్టరీకి పోయి, డబ్బాల్లో పొడిగా తిరిగొస్తున్నాయి. మోకాళ్ళ నొప్పులకొకటి, బాలింతల బలానికొకటి. నూకరత్నం కూడా పొద్దున్నే పాలలో కలుపుకుని తాగింది. ఊరంతా తిరిగినా కాకి వాలేంత చెత్త కనబడలేదు.

"పెంటే నేదు గదా, ఇంకెక్కడ పడుకోబెడతావత్తా?" వెనకే వచ్చిన కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పెంటమ్మ ఇసకలో చతికిలబడి, కాళ్ళు బారజాపి, బిడ్డను ఒళ్ళో వేసుకుంది.

"మిషన్లొచ్చాక చేపల కోతకి నన్నెవులు పిలిసినారే? ఈ ఊళ్ళో ఎవులికీ అక్కర్నేంది నానొక్కర్తినే. ఇదిగో, పడుకోబెట్టినాను. ఇప్పుడు తియ్యి."