సిరా కింద జనరల్

ఆ ఫోటోను ఎలాగైనా కొట్టేయాలనుకున్నాడు ఇన్నోకెంటీ.

రష్యాలోని వొలొగ్దా ఊరి ఆదివారం సంతలో, ఉప్పులో ఊరేసిన దోసకాయల జాడీకి ఆనించి ఉంది అది. వందేళ్లు దాటిన స్టూడియో ఫోటో. కుర్చీలో గడ్డపాయన, పక్కన భార్య, ముగ్గురు పిల్లలు. ఆయన భుజాల మీద, ఛాతీ మీద ఎవరో నల్లసిరా పూసేశారు.

ఆ సిరా చూసే ఇన్నోకెంటీ అక్కడ ఆగాడు. పంతొమ్మిదివందల ముప్పైయేడులో, ఆ అరెస్టుల కాలంలో, జారు చక్రవర్తి సైన్యంలో పనిచేసినవాడి ఫోటో ఇంట్లో దొరికితే ఇంటిల్లిపాదికీ మూడినట్టే. చింపడానికి చేతులు రానివాళ్లు భుజకీర్తులకూ పతకాలకూ సిరా పూసి దాచుకున్నారు. సిరా ఎంత మేర ఉంటే అంత పెద్ద హోదా అని పాత ఫోటోల సేకర్తల లెక్క.

పదిహేనేళ్లుగా అతనికి ఆ సైనిక కుటుంబాల ఫోటోలే లోకం. ఫోటోల్లో మొహాలు తప్ప బతికున్నవాళ్ల మొహాలు చూసే తీరిక లేదు. ఆల్బంలో కెప్టెన్లున్నారు, ఇద్దరు కర్నల్లున్నారు. జనరల్ మాత్రం లేడు. తోటి సేకర్త ప్లతోన్ దగ్గర ఒక జనరల్ ఉన్నాడు. శనివారం సేకర్తల కూటంలో కలిసినప్పుడల్లా ప్లతోన్, "మా జనరల్‌గారు కులాసా. మీ ఇంట్లో ఇంకా కెప్టెన్లేనా?" అనేవాడు. ఇన్నోకెంటీకి ఒళ్లు మండిపోయేది.

"ఎవరు మామ్మగారూ ఈయన?" దోసకాయ నొక్కి చూస్తూ అడిగాడు.

"దర్జీ," అంది దోసకాయలూ పళ్ల జామూ అమ్ముతూ, మధ్యలో సంచి కుట్టుకుంటున్న గ్లఫీరా మామ్మ.

అతను లోలోపల నవ్వుకున్నాడు. జనరల్ మనవల్ని అడిగితే దర్జీ అంటారు, కర్నల్ మనవల్ని అడిగితే మందుల కొట్టువాడు అంటారు. మూడు తరాలైనా భయం వదల్లేదు పాపం.

"అయ్యో, దర్జీయా! పైగా సిరా పడి పాడైపోయింది. మీ మొహం చూసి తీసుకుంటాలెండి. ఎంతిమ్మంటారు?"

"డబ్బెందుకు బాబూ? మా ఇంట్లో ఒక మేకు ముప్పైయేడు నుంచీ ఖాళీగా ఉంది. దానికి తగిలించడానికి వేరే ఫోటో ఇవ్వు. కుక్క ఉన్నదైతే బావుంటుంది."

"ఏ కుక్కయినా ఫరవాలేదా?"

"కదలకుండా కూర్చున్నదైతే చాలు."

ఆవిడ బొటనవేలి గోరు నల్లగా ఉంది. ఆ సంతలో పళ్ల జామ్ అమ్మే మామ్మలందరి గోళ్లూ అలాగే ఉంటాయి కనక అతను పట్టించుకోలేదు.

అతని ఆల్బంలో కుక్క ఉన్న ఫోటో ఒక్కటే. కెప్టెన్, భార్య, ఒళ్లో తెల్లకుక్కతో నాలుగేళ్ల కూతురు. చిన్న మరక కూడా లేదు. ఎవరడిగినా ఇవ్వలేదు. ఇప్పుడు కెప్టెన్ పోతే జనరల్ వస్తాడు. కుక్క కోసం జనరల్ని వదులుకునే పిచ్చి మామ్మ మళ్లీ దొరుకుతుందా? ఇంటికి పరుగెత్తి ఆ ఫోటో తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

గ్లఫీరా చేతులు తుడుచుకుని మరీ అందుకుంది. చాలాసేపు చూసి కళ్లు ఒత్తుకుంది. జాడీలో వెల్లుల్లి ఘాటు కాబోలనుకున్నాడు ఇన్నోకెంటీ.

శనివారం కూటంలో అందరి ముందూ గిన్నెలో పాలు పోసి, దూది ముంచి, సిరా తుడవడం మొదలుపెట్టాడు.

"జనరల్‌గారు పాలు తాగుతున్నారా?" అన్నాడు ప్లతోన్.

"కాస్త ఆగు. లేచి సెల్యూట్ కొడుదువుగాని."

రెండో దూదికే సిరా ఊడివచ్చింది. ఎనభై ఏళ్ల సిరా ఇంత సుళువుగా పోదే అనుకునేలోగా భుజాలు బయటపడ్డాయి. భుజకీర్తులు లేవు. మెడలో కొలత టేపు వేలాడుతోంది. పతకాలుండాల్సిన చోట వరసగా గుండుసూదులు.

ప్లతోన్ నిజంగానే లేచి సెల్యూట్ కొట్టాడు. "ఆయన్ని అడిగి నాకో పంట్లాం కుట్టించవూ!"

తెల్లవారగానే ఇన్నోకెంటీ సంతలో వాలాడు.

"మసిపూసి మారేడుకాయ చేస్తావా మామ్మా! ఆ సిరా నువ్వే పూశావు!"

"పూశాను. కానీ దర్జీ అని చెప్పానా లేదా? నిజం చెబితే నమ్మకపోవడం నీ తప్పు."

"నా కెప్టెన్‌ని నాకిచ్చెయ్!"

"నిరుడు లైబ్రరీలో నీ ఫోటోలన్నీ పెట్టావే, అప్పుడు మూడు రోజులు వరసగా వచ్చి నిన్ను ఆ ఫోటో అడిగాను. ఒక్కసారైనా తలెత్తి చూశావా? 'జరుగు మామ్మా, అద్దం మీద ఆవిరి పడుతోంది' అన్నావు."

ఇన్నోకెంటీ మొదటిసారి ఆవిడ మొహం చూశాడు.

"ఒక్క కుక్క కోసం ఇంత నాటకమా?"

"కుక్క సంగతి నాకు తెలీదు బాబూ," అంది గ్లఫీరా. "దాన్ని ఒళ్లో పెట్టుకున్న పిల్ల మా అమ్మ."